మనింట్లోనే ఉన్నాడు

ఫిబ్రవరి 3

బుల్లీ,

సూది గుచ్చుకున్న వేలితో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే నన్ను కాదు, ఆ సూదిని తిట్టుకో. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. ఎదురు కొట్లో ఫోన్ ఉంది గానీ, మనం ఒక ముక్క మాట్లాడితే కొట్టువాడు దానికి రెండు ముక్కలు కలిపి వీధంతా పంచుతాడు. ఇది వీధికి వినిపించాల్సిన సంగతి కాదు.

మీ అన్నయ్య సంగతి. పదకొండేళ్ళుగా నువ్వు చూస్తున్నదే, కొత్తేం లేదు. కాకపోతే మనిషి అరిగిపోతున్నాడు. తెల్లవారుజామున నాలుగుంపావుకి బస్సు. ఏడింటికి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సైరన్ మోగేసరికి గేటు లోపల ఉండాలి. సాయంత్రం ఐదున్నర బస్సెక్కితే ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. అంటే రోజుకి ఐదున్నర గంటలు ఆ బస్సు సీటుకే రాసిచ్చేశాడు. మొన్న కంచం ముందు కూర్చుని ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి అలాగే నిద్రపోయాడు. ముందు నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఇంకోటి ఆయన చెప్పలేదు, ఆయనతో పనిచేసే అతను ఈ ఊళ్ళో చుట్టాలింటికొచ్చి, చొక్కా కుట్టించుకుంటూ చెప్పాడు. పోయిన నెల మీ అన్నయ్య రోలరు బిగిస్తూ నిలబడే కునుకు తీశాడట. పక్కవాడు చెయ్యి పట్టి లాగకపోతే ఆ చెయ్యి ఉండేది కాదు. ఫిట్టరు పని అంటే మిషన్ నోట్లో చెయ్యి పెట్టే పని కదా. పైగా రెండుసార్లు సైరన్ తర్వాత చేరాడట. మూడోసారి అయితే గేటు తియ్యరట.

దగ్గర్లో ఇల్లు చూసుకుందాం అంటాడు. నేను రానంటాను. నీ దగ్గర దాచడమెందుకు? ఇక్కడ నాలుగు వీధుల ఆడవాళ్ళ కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. ఎవరికి ఎడమ భుజం జారిందో, ఎవరు లావెక్కి కూడా పాత కొలతకే కుట్టమంటారో నాకు తెలుసు. కొత్త ఊళ్ళో నేనెవరికి తెలుసు? ఈ వయసులో గుమ్మానికి బోర్డు కట్టుకుని ఎవరొస్తారా అని కూర్చోవాలి. "నీకు నాకంటే మిషనే ఎక్కువా?" అన్నాడు. "నీకూ అంతేగా, కాకపోతే నీ మిషన్ పెద్దది" అన్నాను. 

మీ ఇంటి నుంచి ఫ్యాక్టరీకి నడిస్తే ఇరవై నిమిషాలు. వారమంతా మీ ఇంట్లో ఉండి, శనివారం ఒంటిపూట అయ్యాక మధ్యాహ్నం బస్సుకి ఇక్కడికొచ్చి, ఆదివారం సాయంత్రం తిరిగి వెళ్తే ఎలా ఉంటుంది? ఆయన తనంతట తాను అడగడు. తన కాలు తొక్కినవాడికి తనే సారీ చెప్పే మనిషి. అందుకే నేను అడుగుతున్నాను. కుదరకపోతే కుదరదని రాసెయ్, నేనేం అనుకోను. అంటే, అనుకుంటాను గానీ బయటికి అనను.

వదిన


ఫిబ్రవరి 11

వదినకి,

మీ ఉత్తరం చదివాక కోపం వచ్చింది. అది తీర్చుకుని మిగతాది రాస్తాను.

"మీ ఇంటి నుంచి", "మీ ఇంట్లో" ఏమిటండీ? పెన్ను తీసుకుని ఆ "మీ" కొట్టేసి పైన "మన" అని దిద్దాను. మా అన్నయ్యది కాని ఇల్లు నాదెలా అవుతుంది? నేను సెలవులకొచ్చి మీ మంచం ఆక్రమించి, మిమ్మల్ని కింద పడుకోబెట్టినప్పుడు అది మీ ఇల్లని అనుకున్నానా? అదీ మనిల్లే, ఇదీ మనిల్లే. ఇక ముందు "మనిల్లు" అని రాస్తేనే జవాబిస్తాను.

అన్నయ్యని రేపే రమ్మనండి. ముందు గదిలో కిటికీ కింద మంచం ఖాళీగానే ఉంది. దాని మీద ప్రస్తుతం ఈయన టైపు కాగితాల కట్టలు పడుకుంటున్నాయి, వాటిని లేపేస్తాను. కోర్టు కాగితాలు కింద పడుకున్నా వాటికి నడుం నొప్పి రాదు. ఇబ్బందల్లా నీళ్ళతోనే. కుళాయి ఐదున్నరకొచ్చి ఆరున్నరకి ఆగిపోతుంది, బాత్రూం ఒకటే, కాస్త వంతులు వేసుకోవాలి. ఈయన "రమ్మను, రమ్మను, చదరంగంలో ఓడించడానికి ఇంట్లో మనిషి దొరికాడు" అంటున్నారు. ఈయనతో వచ్చిన చిక్కు మీకు తెలుసుగా, జోకు నోటిదాకా వచ్చిందంటే మింగలేరు.

నా చిన్నప్పుడు జ్వరమొస్తే అన్నయ్య బడి మానేసి మంచం పక్కన కూర్చునేవాడు. పరీక్షలున్నా సరే. ఇన్నేళ్ళకి నేను వాడికొక మంచం వేసే అవకాశం ఇచ్చారు. ఇంకోసారి "కుదరకపోతే" అని రాశారంటే ఊరుకోను.

మీ బుల్లి


మార్చి 10

బుల్లీ,

నీ షరతు ప్రకారమే రాస్తున్నాను, తప్పులు దిద్దకు.

ఆయన మనింట్లో కంటినిండా నిద్రపోతున్నాడన్న తలపే నాకు సగం బలం. నెల తిరక్కుండానే మొహంలోకి కళ వచ్చింది. మొన్న ఆదివారం గడ్డం గీసుకుంటూ ఈల వేశాడు. ఆ ఈల విని ఎన్నేళ్ళయిందో! పాట మాత్రం అదే, సగం దాకా వెళ్ళి రాగం మర్చిపోతాడు. నేనూ ఇప్పుడు తెల్లారేదాకా పడుకుంటున్నాను. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ఎవరో మర్యాదస్తురాలిలా కనబడ్డాను.

స్కూళ్ళు తెరిచేలోగా ఇవ్వాలి కదా, ఇప్పట్నుంచే యూనిఫాంలు గుట్టలు పడ్డాయి. ఒక పిల్ల తల్లి వచ్చి, రెండేళ్ళకి సరిపోయేలా వదులుగా కుట్టమంది. పిల్ల ఏడుపు, తనని గోనెసంచిలో వేస్తున్నారని. లోపలికి మడతపెట్టి కుట్టి, పెరిగినప్పుడల్లా విప్పుకోవచ్చని ఇద్దరికీ సర్ది చెప్పాను.

ఆయన చేతికి నీకోసం ఒకటిచ్చి పంపాను. ఏమిటో ఇక్కడ రాయను. విప్పి చూసి నువ్వే రాయి. రెండు నెలలు తీరిక దొరికినప్పుడల్లా దాని మీదే కూర్చున్నాను.

వదిన


మార్చి 24

వదినకి,

ఈ మధ్య ఉత్తరం ఆలస్యమైంది. ఈయనకి కోర్టులో పని ఎక్కువై కాగితాలు ఇంటికి తెచ్చుకుంటున్నారు. టకటక శబ్దానికి పక్కింటావిడ గోడ కొడుతోంది, ఆవిడ గోడ కొడితే ఈయన అదే తాళంలో టైపు కొడుతున్నారు. మధ్యలో నేను.

నిన్న సాయంత్రం అన్నయ్య టీ తాగుతూ వాళ్ళ మేనేజరు ఎలా నడుస్తాడో నడిచి చూపించాడు. నవ్వలేక కడుపు పట్టుకున్నాను. నిద్ర సరిపోతోందా అని అడిగితే, "మనింట్లో పడుకునేవాడికి నిద్రకేం లోటు?" అన్నాడు. ఆ మాట వినగానే ప్రాణం కుదుటపడింది.

ఆ సంగతి మీకు తనే చెబుతానన్నాడు, నన్ను రాయొద్దన్నాడు. చెప్పే ఉంటాడు కాబట్టి నేను మళ్ళీ ఎత్తను. మీరు మాత్రం ఏదీ మనసులో పెట్టుకోకండి.

బుల్లి


ఏప్రిల్ 14

బుల్లీ,

ఆ సంగతంటే ఏమిటోనని ఆయన్నే అడిగాను. "కుళాయి గొడవలే, బాత్రూం దగ్గర వంతులు. దానికే అది బాధపడుతోంది" అన్నాడు. దానికి నేనెందుకు ఏదో పెట్టుకుంటాను? నలుగురున్న చోట అలాంటివి మామూలే. ఆయన మనింట్లో సుఖంగా ఉన్నాడు, నాకు అంతే కావాలి.

పొడి దగ్గొకటి పట్టుకుంది. కాగితం దుమ్మంటాడు. జుట్టులో కూడా నూగులా ఏదో ఉంటోంది, దువ్వితే రాలుతోంది. ఫ్యాక్టరీ మొత్తాన్ని నెత్తిన పెట్టుకు తిరుగుతున్నావా అన్నాను.

ఒకమాట రాయాలా వద్దా అని మూడుసార్లు కాగితం మడిచాను. రాసేస్తున్నాను. ఇచ్చింది చిన్నదైనా, ఇచ్చినవాళ్ళు ఒక్క మాట కోసం ఎదురుచూస్తారు బుల్లీ. పోస్టువాడు వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్ళాను. సరేలే. ఇల్లు ఇరుకైతే మాటలకి కూడా చోటుండదేమో.

వదిన


మే 6

వదినకి,

మా ఇల్లు చిన్నదే. మా మనసులు కూడా అంతేనని మీకనిపిస్తే నేను చెయ్యగలిగింది లేదు. అన్నయ్య నొచ్చుకోనిదానికి మీరు నొచ్చుకోవడం నాకు కష్టంగా ఉంది. జరిగినదానికి నేను ఎంత సిగ్గుపడుతున్నానో మీకు తెలియదు.

ఎండలు మండుతున్నాయి. కుళాయి రావట్లేదు. పని ఉంది, ఉంటాను.

బుల్లి


జూన్ 9

బుల్లీ తల్లీ,

"మా ఇల్లు" అని రాశావు. ఆ ఒక్క మాటకి నాలుగు రోజులు తిండి సయించలేదు. ఇరుకు అన్నది నేను. ఆ మాట నాదే, తప్పూ నాదే. కుట్టుపనిలో ఉన్నదాన్ని, కత్తెర చేతిలో ఉంటే నోట్లో కూడా ఉంటుంది. వదిలెయ్.

వానలు మొదలయ్యాయి. ఇక్కడ మా వీధి చివర మోకాలు లోతు నీళ్ళు. మీ అన్నయ్య దగ్గు తగ్గలేదు సరికదా గొంతులోంచి గుండెల్లోకి దిగింది. ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు, లేపితే ఎక్కడున్నానన్నట్టు చూస్తున్నాడు. బస్సు ప్రయాణం తప్పింది కదా, ఇంకా ఈ అలసటేమిటి అని అడిగితే నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చడం లేదు.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. కూర్చుని విను. నేనే వచ్చేస్తాను. నా కొలతల పుస్తకం, మిషన్ మూట కట్టుకుని ఆ ఊరొచ్చేస్తాను. ఆడవాళ్ళు అక్కడా లావెక్కుతారు, అక్కడా ఒప్పుకోరు. నాకు పని దొరక్కపోదు. ఫ్యాక్టరీకీ మీకూ మధ్యలో ఎక్కడైనా రెండు గదులు చూసి పెట్టు. కిటికీ ఒకటి పెద్దదిగా ఉంటే చాలు, సూదిలో దారం ఎక్కించుకోవాలి. ఆయనకింకా చెప్పలేదు. ఈ ఆదివారం చెబుతాను. పదకొండేళ్ళు మొండికేసినదాన్ని, ఒప్పుకున్నానంటే ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలి.

ఇల్లు దొరికేదాకా, ఒక నెలో రెండు నెలలో, ఆయన్ని నీ దగ్గరే ఉంచుకో. మీవారితో కూడా చెప్పు. ఇన్ని నెలలు పెట్టుకున్నారు, ఇంకొంచెం ఓపిక పట్టండి. పొద్దున కాస్త వేణ్ణీళ్ళు ఇస్తే దగ్గుకి మంచిది.

వదిన


జూన్ 16

వదినా,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది.  ఉంచుకో అని రాశారు. ఎవరిని ఉంచుకోను? అన్నయ్య మా ఇంట్లో లేడు. మార్చి అయిదో తారీఖునే వెళ్ళిపోయాడు. "మీ వదిన ఒక్కతే ఉండలేకపోతోంది, ఇప్పుడు కొత్తగా గంటన్నరలో వెళ్ళే బస్సు పడింది, ఇంటికే పోయి వస్తా" అన్నాడు. అప్పుడప్పుడూ సాయంత్రం వచ్చి పావుగంట కూర్చుని టీ తాగి, బస్సుకి టైమైందని లేచేవాడు. బస్టాండు వైపే నడిచేవాడు, నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

మీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని మళ్ళీ చదివాను. మీరు మనింట్లో అని రాసిన చోటల్లా నేను మీ ఇల్లనుకున్నాను. మీరు మా ఇల్లనుకుని రాశారా? నేను రాసినవి మీరూ అలాగే చదివారా? ఆ రోజు టీ తాగుతూ వాడు మనింట్లో అన్నాడే, ఏ ఇల్లని అన్నాడు?

కొత్త బస్సు పడలేదట, ఇప్పుడే పక్కింటాయన్ని అడిగాను. మరి మూడు నెలలుగా అన్నయ్య ఎక్కడ పడుకుంటున్నాడు? వాన కుండపోతగా పడుతోంది. గొడుగు తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్తున్నాను. దారిలో ఇది డబ్బాలో వేస్తాను.

బుల్లి


జూలై 2

వదినా,

మీరున్న పది రోజులూ మీ పక్కనే కూర్చున్నాను, ఇది చెప్పలేదు. మీరూ ఏం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అందుకని ఇది రాస్తున్నాను.

ఆ రోజు నేను ఉత్తరం డబ్బాలో వేసేసరికే అంతా అయిపోయింది. గేటు దగ్గర ఎవరిని అడగాలో తెలియక, ఫిట్టరు చెల్లెల్నని చెప్పాను. వాచ్‌మన్ నా గొడుగు పట్టుకుని కూర్చోబెట్టాడు. మీరు వచ్చేలోపే వాళ్ళు అక్కడంతా తీసేసి కడిగేశారు. కాబట్టి మీరు చూడలేదు. నేను చూశాను. మీకు తెలియాలి.

వెనకవైపు తుక్కు కాగితం గోడౌనుంది. పాత అట్టల్ని గట్టిగా నొక్కి, ఇనుప పట్టీలు బిగించి, ఒక్కొక్కటి బీరువా అంత కట్టలు చేస్తారు. వాటిని ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేరుస్తారు. ఆ వరసకీ గోడకీ మధ్య మనిషి పడుకునేంత సందుంది. కింద మడతల అట్టలు నాలుగు వరసలు పరిచాడు. గోడకి రెండు మేకులు. ఒకదానికి చొక్కా, ఒకదానికి అద్దం. ఇటుక మీద సబ్బు, గడ్డం బ్రష్షు. కప్పుకోవడానికి బొంత. వదినా, ఎన్ని రంగుల ముక్కలు, అంచంతా చేతి కుట్టు. ఎవరి పనో చూడగానే తెలిసింది. మీరు నాకోసం పంపింది అదేనని అప్పుడు అర్థమైంది. మార్చిలో నేను అడిగితే, బస్సులో పోయింది, మీ వదినకి చెప్పకు, ఏడుస్తుంది అన్నాడు. అందుకే నేను దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

వాన నీళ్ళు లోపలికొచ్చి కింది కట్టలు నానిపోయాయట. కాగితమే కదా, నానితే మెత్తబడి కుంగుతుంది. పై కట్టలు ఆ సందువైపే ఒరిగాయి. సైరన్‌కి అరగంట ముందు. వాడప్పటికి లేవలేదట. వాచ్‌మన్ చెప్పాడు, "దగ్గుతో పడుకోలేదమ్మా, తెల్లారుతుంటేనే కన్నంటుకుంది, ఇంకాసేపు పడుకోనిద్దామని నేనే లేపలేదు" అని. ఆ మనిషి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. 

ఇప్పుడు నా సంగతి, మార్చిలో వాడు నన్ను రాయొద్దన్న సంగతి. మార్చి మొదట్లో ఒక రోజు ముగ్గురం తింటున్నాం. ఈయన అన్నారు: "బావగారూ, మీకు ఫ్యాక్టరీకి దూరం తగ్గింది గానీ, మాకు బాత్రూంకి దూరం పెరిగింది." అందరికంటే గట్టిగా అన్నయ్యే నవ్వాడు. మర్నాడు వాడు కుళాయి రాకముందే, రాత్రి పట్టిన బక్కెట్టు నీళ్ళతో చీకట్లోనే స్నానం చేసేశాడు. ఆ పై రోజు సంచి సర్దుకున్నాడు. ఉండన్నయ్యా అని ఒకసారి అన్నాను. ఒకసారే. రెండోసారి అని ఉంటే ఆగేవాడు, నాకు తెలుసు. వాడు గుమ్మం దాటాక మంచం మీద దుప్పటి మడిచి, ఈయన కాగితాలు మళ్ళీ పెట్టి, అమ్మయ్య అనుకున్నాను. వాడి మీద ప్రేమ లేక కాదు. బాత్రూం ఖాళీ అయింది, అంతే. అంత చిన్నదానికి అనుకున్నాను.

ఈయన ఆ రోజు నుంచి టైపు ముట్టుకోలేదు. జోకులు లేవు. మూడు రోజుల కిందట బాత్రూం తలుపు దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చి కూర్చున్నారు. మీరు ఈయన్ని తిట్టండి. నన్ను తిట్టండి. మాట్లాడకుండా మాత్రం ఉండకండి. వచ్చి ఇక్కడే ఉండండి వదినా. మీరు అడిగినట్టే పెద్ద కిటికీ ఉన్న గది చూశాను కూడా.

బుల్లి


జూలై 20

బుల్లీ,

తిట్టను. తిట్టడానికి పైనుండాలి మనిషి. నేను నీకంటే ఇంకా కిందే ఉన్నాను. ఎందుకో చెబుతాను.

నువ్వు "మనింట్లో" అన్న మాట పట్టుకుని ఏడుస్తున్నావు, రెండిళ్ళనీ కలిపి ఒకటే పేరు పెట్టాను, అందుకే ఇలా అయిందని. నేనూ మొదట అలాగే అనుకుని కొంచెం ఊరట పడ్డాను. ఆ ఊరట అబద్ధం. ఏప్రిల్లో ఒక శనివారం ఆయన వచ్చి పడుకున్నాడు. చెంప మీద గీతలు ఉన్నాయి. వరసగా, దగ్గరదగ్గరగా, స్కేలు పెట్టి గీసినట్టు. అట్టపెట్టె చింపితే లోపల మడతలు ఉంటాయే, అలాగ. వేలితో తడిమాను. చాప గీతలని చెప్పాడు. మీ ఇంట్లో మంచం, దాని మీద పరుపు ఉన్నాయని నాకు తెలుసు. నువ్వు మీ అన్నయ్యని చాప మీద పడుకోబెట్టవని కూడా తెలుసు.

అయినా అడగలేదు. అడిగితే ఆయన నిజం చెప్పేవాడు. చెబితే ఇల్లు మారడం గురించి మళ్ళీ మాట వచ్చేది. అప్పుడు చేతినిండా యూనిఫాంలు ఉన్నాయి. స్కూళ్ళు తెరిచాక చూద్దాం అనుకున్నాను. నీకు రాసిన ఉత్తరంలో దగ్గు రాశాను, జుట్టులో నూగు రాశాను, చెంప మీద గీతలు రాయలేదు. రాస్తే నువ్వు అడుగుతావని. జూన్లో వస్తానని రాసేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. ఆ ఆదివారం ఆయనకి చెబుతానన్నాను కదా? చెప్పలేదు. ఒక పెద్ద ఆర్డరు వచ్చింది, అది అయ్యాక చెబుదామని ఊరుకున్నాను. నేను వస్తానని మీ అన్నయ్యకి తెలియకుండానే పోయాడు.

ఈ నెల పదిహేడో తారీఖున ఫ్యాక్టరీకి వెళ్ళాను. సంతకాలున్నాయి రమ్మన్నారు. ఆయన తన ఇష్టంతోనే గోడౌనులో ఉన్నాడని, ఎవరూ ఉండమనలేదని ఒక కాగితం. చదివి పెట్టాను. ఎవరి ఇష్టమని అందులో అడగలేదు. చొక్కా, అద్దం, బ్రష్షు ఒక అట్టపెట్టెలో సర్ది ఇచ్చారు. కొత్త పెట్టె, ఆయన మిషన్ మీదే చేసిందట. బొంత నేను తీసుకోలేదు, వాచ్‌మన్‌ని ఉంచుకోమన్నాను. నీకు ఇవ్వాల్సింది కదా అని ఒక్క క్షణం ఆగాను గానీ, నువ్వు దాన్ని కప్పుకోలేవు. మీ వీధి చివరి దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయాను. కోపంతో కాదు. మీవారు నా మొహం చూడాలి, నేను ఆయన మొహం చూడాలి. ఇద్దరిలో ఎవరికీ ఇంకా ఆ ఓపిక రాలేదు.

ఆ కిటికీ గది వదిలెయ్. ఇప్పుడు దగ్గరికొచ్చి ఎవరికి దగ్గరగా ఉండను?

వెళ్ళేటప్పటి సంగతి చివరికి ఉంచాను. ఆయన బస్సుకే వెళ్ళాను, నాలుగుంపావు దానికి. పదకొండేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు నేను. చిన్న బస్సు, రేకులన్నీ మోగుతాయి, కిటికీ అద్దం దించితే ఎక్కదు, ఎక్కిస్తే దిగదు. ఆ కుదుపులకి నా పళ్ళు కదిలాయి. అందులో ఆయన పదకొండేళ్ళు ఎలా నిద్రపోయాడో మరి. రోజూ వెళ్ళేవాళ్ళంతా ఒకళ్ళకొకళ్ళు తెలుసు. ఆస్పత్రిలో ఆయా ఒకామె, పాల క్యాన్లవాడు, ఒక లెక్కల మాస్టారు. కొత్త మొహం చూసి ఆయా పలకరించింది, ఎక్కడికమ్మా అని. అట్టపెట్టెల ఫ్యాక్టరీకన్నాను. "మా ఫిట్టరు గారి ఫ్యాక్టరీ!" అంది. వాళ్ళావిడనన్నాను. అంతే, మాస్టారు లేచి కిటికీ పక్క సీటు నాకిచ్చాడు, అది ఆయనదేనట. క్యాన్లవాడు ముందుకొచ్చి కూర్చున్నాడు. ఫిబ్రవరి నుంచి ఆయన కనబడకపోతే వాళ్ళంతా ఎంతో సంతోషించారట. దగ్గర్లో ఇల్లు దొరికి ఉంటుంది, మనలో ఒకడైనా ఈ బస్సు నుంచి బయటపడ్డాడు అనుకున్నారట.  దారంతా ఆయన గురించి వాళ్ళు చెబుతుంటే విన్నాను.

దిగేటప్పుడు ఆయా నా చెయ్యి పట్టుకుని అడిగింది, "ఇప్పుడు నిద్ర సరిపోతోందా అమ్మా ఆయనకి?" అని.

సరిపోతోందన్నాను.

వదిన